క్లచ్ రబ్బరు

గేటు పక్కన గోడ మూల సిమెంటు రాలి, లోపలి ఎర్రటి ఇటుక బయటపడి ఉంది. దసరా వెళ్ళిన వారం నుంచి అది అట్లాగే ఉంది. ఇంటి యజమాని వెంకటేశ్వరరావు మేడ మీద ఉంటాడు. పొద్దున పేపరు కోసం దిగినప్పుడల్లా ఆ ఇటుకను వేలితో ఒకసారి తడిమి చూసుకుంటాడు. కింది వాటాలో అరుణజ్యోతి కనబడితే, "ఏమ్మా, ఇవాళ కారు తియ్యట్లేదు కదా? మా గోడకి ముందే చెప్పాలి మరి" అంటాడు. ఆయన మనసులో చెడు ఏమీ లేదు. రాజమండ్రి వైపు మనిషి, ఏ మాటైనా నవ్వుతూ అనడం అలవాటు. అరుణజ్యోతి కూడా నవ్వుతుంది. ఆ నవ్వు తలుపు దాటి లోపలికి వచ్చేసరికి ఉండదని ఆమె అత్త కిష్టమ్మకు తెలుసు.

ఆ గురువారం పొద్దున కూడా ఆయన ఆ మాట అని పైకి వెళ్ళాడు. కిష్టమ్మ గడప దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కోడలు లోపల ఎవరితోనో ఫోనులో మాట్లాడింది. తర్వాత వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుని, చాటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి, ఈనె తీయకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

పెద్ద అంబర్‌పేట్‌లో రక్తపరీక్షల సెంటరు ఒకటి కొత్తగా తెరుస్తున్నారట. అరుణజ్యోతి ఇదివరకు పనిచేసిన ల్యాబు మేడమే అక్కడ చూసుకుంటున్నారట. సోమవారం నుంచి రమ్మన్నారు. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు తెల్లవారగానే వచ్చి కూర్చుంటారు కాబట్టి ముందే వెళ్ళి తలుపులు తీయాలి. బస్సు హైవే మీద దింపుతుంది. సెంటరేమో లోపల, రింగు రోడ్డు వైపు. ఆ వేళకు ఆటోలు దొరకవు. వస్తుందో రాదో ఆదివారం సాయంత్రానికి చెప్పాలి. ఆమె కాదంటే ఇంకొకరిని చూసుకుంటారు.

"కారుంటే అయితది అత్తమ్మా," అంది అరుణజ్యోతి.

కారు ఎదురుగానే, రేకుల కింద, బట్ట కప్పుకుని ఉంది. కిష్టమ్మ కొడుకు మహేందర్ ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు బైకు మీద పోతాడు. కారు పెళ్ళిళ్ళకు, ఊరికి, ఆదివారం కడుక్కోవడానికి. మిగతా వారమంతా అట్లా నిలబడే ఉంటుంది.

సాయంత్రం అతను వచ్చి కాళ్ళు కడుక్కుని టీ తాగుతుండగా అరుణజ్యోతి చెప్పింది. మహేందర్ కోప్పడలేదు. అతను గొంతు లేపి మాట్లాడే మనిషి కాదు. ఉద్యోగం మంచిదేనన్నాడు. ఆ మేడమ్ మంచిదేనన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, విజయవాడ రోడ్డు మీద లారీలు ఎట్లా వస్తాయో తనకు తెలుసని, రోజూ వాటితోనే తన పని అని, క్లచ్ మీద కాలు నిలవని మనిషిని ఆ రోడ్డు మీదికి తోలి తను ఆఫీసులో కుదురుగా కూర్చోలేనని చెప్పాడు.

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నన్ని రోజులూ దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఒక్కసారి కూడా కాలు జారలేదని అరుణజ్యోతి అంది.

"అది వేరే బండి. నీ కాలు పొట్టిది అరుణా. అది నీ తప్పు గాదు గదా," అన్నాడు మహేందర్ మెత్తగా.

కారు తాళంచెవి అతని చొక్కా జేబులో ఉంది. గోడ విరిగిన రోజు దాకా అది టీవీ పక్కన మేకుకు వేలాడేది.

కిష్టమ్మ వంటింట్లోకి వెళ్ళేసరికి కోడలు గిన్నెల ముందు పీట మీద కూర్చుని ఉంది. కుళాయి విప్పే ఉంది. తడి నేల మీద ఎడమ పాదం చాపుకుని, అది తనది కాదన్నట్టు దాన్నే చూస్తోంది.

శుక్రవారం పొద్దున మహేందర్ కారు మీది బట్ట తీశాడు. ప్రతి శుక్రవారం స్టీరింగు తుడిచి, ముందర పెట్టుకున్న చిన్న యాదగిరి నరసింహస్వామి బొమ్మకు అగరుబత్తి వెలిగిస్తాడు. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యమవుతోందని తలుపులు తీసి పెట్టి, కింది మ్యాట్లు దులిపి ఎండకు వేయమని తల్లికి చెప్పి స్నానానికి పోయాడు.

కిష్టమ్మ డ్రైవరు వైపు నుంచి వంగింది. మ్యాటు మీద ఎండిన మట్టి పెళ్ళలు కట్టి ఉంది. దాన్ని లాగుతుంటే చేయి పైనున్న పెడల్‌కు తగిలి సర్రున జారింది. ఆమె అప్పటిదాకా అక్కడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. మధ్యలో ఉన్నదానికి గీతల గీతల నల్ల రబ్బరు ఉంది. ఎడమ పక్కదానికి లేదు. ఉత్త ఇనుము. రోజూ తోమిన గరిటె వీపులాగా నున్నగా మెరుస్తోంది. ఆమె వేలు తడి చేసుకుని మళ్ళీ నొక్కి చూసింది. వేలు మళ్ళీ జారింది.

తుడవడానికి గుడ్డ ఉందేమోనని పక్క సీటు ముందరి డబ్బా తీసింది. కాగితాలు, దువ్వెన, అగరుబత్తి పొట్లం, వాటి వెనక మడత పెట్టిన పసుపు గుడ్డ. గుడ్డ విప్పితే అందులో నల్ల రబ్బరు బిళ్ళ ఒకటి ఉంది. ఒక మూల చిరిగి ఉంది. గీతలు మాత్రం మధ్య పెడల్ మీది గీతల్లాగే ఉన్నాయి. కిష్టమ్మ దాన్ని ఎడమ పక్క ఇనుము మీద పెట్టి చూసింది. అంచులు సరిగ్గా కూర్చున్నాయి. చిరిగిన మూల పట్టు లేక, చేయి తీయగానే ఊడి కింద పడింది.

దసరా నాడు పూజకు కారు కడుగుతూ కొడుకు ఇక్కడే వంగి దేన్నో పట్టుకుని గుంజడం ఆమెకు గుర్తొచ్చింది. తను బొట్టు పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఏందిరా అని అడిగితే, ఏం లేదమ్మా, తర్వాత ఏస్త, అన్నాడు. తర్వాతి వారమే కోడలు కారు తీసింది. ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉంది. గేటు దాకా ఎగువకు ఎక్కాలి. ఆ ఎగువలోనే కారు ఒక్కసారి ముందుకు దూకి గోడను కొట్టింది. గల్లీ జనమంతా చేరారు. మహేందర్ బయటికి వచ్చి మొదటగా అన్న మాట, కాలు అందలేదు సార్, అని.

స్నానాల గది గొళ్ళెం చప్పుడైంది. కిష్టమ్మ పసుపు గుడ్డను మడత పెట్టి ఎట్లా ఉన్నదాన్ని అట్లా డబ్బాలో పెట్టింది. రబ్బరు మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆలోచించకుండానే దాన్ని కొంగు కొనలో పెట్టి ముడి వేసింది.

ఆ రోజంతా ముడి నడుముకు తగులుతూనే ఉంది. అన్నం వడ్డించేటప్పుడు అరుణజ్యోతి చూసి, కొంగులో ఏముందని అడిగింది.

"వక్కలు బిడ్డా," అంది కిష్టమ్మ.

కోడలికి చెబితే కొడుకు ముఖం ఆమె ముందు ఏమవుతుందో తెలుసు. కొడుకునే అడిగితే మర్చిపోయానంటాడు. ఆ తర్వాత తల్లి ముఖం కూడా చూడడు. ఎవరూ తలవంచుకోకుండా, కోడలి కాలు జారకుండా ఉంటే చాలు. ఆ రెండూ కుదిరే దారి ఏదైనా ఉందా అని మధ్యాహ్నమంతా వాకిట్లో కూర్చుని చూసింది. మేడ మీదివాళ్ళ అల్లుడు కారు తెచ్చి గేటు బయట ఆపి తలుపు తీసినప్పుడు ఆ దారి కనబడింది.

సాయంత్రం మహేందర్ టీ తాగుతుంటే ఊరికే అన్నట్టు అంది: "పైన సారు అల్లుని కారుల కాళ్ళకాడ ఎండి లెక్క మెరుస్తున్నయిరా. మనదానికి లెవ్వేంది?"

అవి పెడల్ కవర్లనీ, కారుతో రావనీ, బయట కొనుక్కుని వేసుకోవాలనీ మహేందర్ చెప్పాడు. చెబుతూనే లేచి వెళ్ళి గేటు బయటి కారులోకి అద్దంలోంచి తొంగి చూసి వచ్చాడు. కారుకు ఏదైనా కొనడమంటే అతనికి ఇష్టం. ఫోను తీసి అవి ఎట్లా బిగిస్తారో వీడియోలు చూశాడు. ఒకటి తల్లికి కూడా చూపించాడు. మెకానిక్ అవసరం లేదట. ఇంట్లోనే వేసుకోవచ్చట.

"రేపు దిల్‌సుఖ్‌నగర్ పోదాం. నీ కళ్ళ చుక్కల మందు గూడ తెద్దాం," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు అయ్యాక అతను తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి మెట్రో స్తంభాల కిందుగా పోతుంటే కిష్టమ్మ బయటికి చూడలేదు. కొడుకు ఎడమ కాలునే చూసింది. మందపాటి అడుగుకు గాడులున్న బూటు. పొడుగు పాదం, వాళ్ళ నాయనదే. బూటు మధ్యభాగంతో ఇనుమును అదిమి పట్టుకుంటున్నాడు. ఆ గాడుల కింద ఇనుము జారడం లేదు. గోడ విరిగిన రోజు అరుణజ్యోతి రబ్బరు చెప్పులతో ఎక్కింది. పైగా వాన పడి ఉంది.

కార్ల సామాన్ల దుకాణంలో సీటు కవర్లు పైకప్పు దాకా వేలాడుతున్నాయి. దుకాణం అతను గాజు బల్ల మీద పెట్టెలు పరిచాడు. ఎరుపువి, నల్లవి, తెల్లటి వెండి రంగువి. గేర్లు లేని బండికి రెండు, గేర్లున్నదానికి మూడు. మహేందర్ వెండి రంగు పెట్టె తీసి, ఒక్కో బిళ్ళనూ వెలుతురుకు పెట్టి తిప్పి చూశాడు. లోహపు పలక, దాని మీద వరుసగా చిన్న రబ్బరు గుండీలు, వెనక పట్టుకోవడానికి క్లిప్పులు, మరలు.

"గివి ఏస్తె ఆడోళ్ళ కాలు జారదా బాబు?" అని కిష్టమ్మ అడిగింది.

"ఎవ్వరి కాలూ జారదు పెద్దమ్మా. మా ఇంటామె గివే ఏసుకుని నాగోల్ దాక పోయొస్తది." అతను బొటనవేలితో గుండీలను నొక్కి చూపించాడు. తర్వాత మహేందర్ వైపు తిరిగి, ఒక్క సంగతి గుర్తుంచుకోమన్నాడు. పాత రబ్బరు తీయకూడదు. క్లచ్‌కు, బ్రేకుకు కవరు రబ్బరు మీదే కూర్చోవాలి. క్లిప్పు పట్టుకునేది దాన్నే. ఉత్త ఇనుము మీద బిగిస్తే ఊగుతుంది.

"ఆఁ, తెల్సు," అన్నాడు మహేందర్.

మరీ తొందరగా అన్నాడు. అని తల్లి వైపు చూశాడు. కిష్టమ్మ పైన వేలాడుతున్న పూసల దండలను చూస్తోంది. చేయి మాత్రం కొంగు ముడి మీదికి పోయింది.

తిరిగి వస్తున్నప్పుడు సిగ్నలు దగ్గర అతనే మాట తీశాడు. కవర్లు వేశాక అరుణజ్యోతి చేత ఒకసారి నడిపించి చూద్దామన్నాడు. కాలు నిలిస్తే నిలిచినట్టేనన్నాడు. తన ఉపాయం పారిందని కిష్టమ్మ అనుకుంది. కానీ సీటు వెనక్కి ఆనుకోలేకపోయింది. పాత రబ్బరు తీయకూడదన్న దుకాణం అతని మాట చెవిలోనే ఉంది.

ఆదివారం పొద్దున మహేందర్ డ్రైవరు సీటును వీలైనంత వెనక్కి జరిపి, మ్యాటు తీసి గోడ మీద వేశాడు. కవర్లను ఒక పాత దిండుగలీబు మీద వరుసగా పేర్చుకున్నాడు. బయట కాళ్ళు, లోపల తల పెట్టి, స్టీరింగు కిందికి వెల్లకిలా దూరాడు. అరుణజ్యోతి పక్క తలుపు వైపు నుంచి వంగి ఫోను లైటు పట్టింది. కిష్టమ్మ పీట తెచ్చుకుని షెడ్డు స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ముందు యాక్సిలరేటరు. సబ్బు నీళ్ళతో తుడిచి, పొడి గుడ్డతో ఆరదీసి, పొడుగు పలక దాని మీద పెట్టి, వెనక క్లిప్పులు తగిలించి, పెట్టెతో వచ్చిన వంకర కీతో మరలు తిప్పాడు. ఒక పక్క పూర్తిగా బిగించకుండా, ఇటు కొంచెం, అటు కొంచెం. వీడియోలో అట్లాగే చెప్పారట. కింది అంచు నేలకు తగలకుండా చూసి, చేత్తో అదిమి వదిలాడు. పెడల్ గబుక్కున పైకి లేచింది. తర్వాత బ్రేకు. అది రబ్బరు మీద దిట్టంగా కూర్చుంది. మహేందర్ దాన్ని పిడికిలితో పట్టి ఊపి, కదలకపోయేసరికి కిందినుంచి నవ్వాడు.

"చూస్తున్నవా అరుణా? షోరూముల గూడ గింత సాఫ్‌గ ఎయ్యరు."

అరుణజ్యోతి కూడా కొంచెం నవ్వింది. గురువారం నుంచి ఆమె ముఖం మీద కిష్టమ్మ చూసిన మొదటి నవ్వు అది.

మూడోది చేతిలోకి తీసుకున్నాక అతని పని మందగించింది. మరలు ఒకటొకటిగా తుడిచాడు. తర్వాత తాగడానికి నీళ్ళు తెమ్మని అరుణజ్యోతిని లోపలికి పంపాడు. ఆమె గడప దాటగానే కిందినుంచి బయటికి వచ్చి, పక్క సీటు మీదుగా చేయి చాపి ముందర డబ్బా తెరిచాడు. పసుపు గుడ్డ తీసి విప్పాడు. గుడ్డ దులిపాడు. కాగితాలు ఎత్తి చూశాడు, దువ్వెన ఎత్తి చూశాడు. చేయి డబ్బాలోనే ఉంచి, మెల్లగా తల తిప్పి తల్లి వైపు చూశాడు.

కిష్టమ్మ కూడా చూసింది. లోపల చెంబు మీద మూత పెట్టిన చప్పుడైంది. మహేందర్ డబ్బా మూసి, పెడల్ కవర్ల అట్టపెట్టెలోంచి ఒక ముక్క చింపి, నాలుగు మడతలు వేసి మళ్ళీ స్టీరింగు కిందికి దూరాడు.

అరుణజ్యోతి వచ్చి లైటు పట్టింది. అతను అట్టముక్కను ఇనుముకూ కవరుకూ మధ్య దోపి మరలు బిగించాడు. అరచేతితో నొక్కాడు. కవరు ఒక పక్కకు ఒరిగింది. ఇంకా బిగించాడు. నొక్కాడు. మళ్ళీ ఒరిగింది.

"అది కదులుతుంది గదా," అంది అరుణజ్యోతి.

"ఏం గాదు, నడుస్తది. కాలు పడ్డంక అదే కుదురుకుంటది."

"బ్రేకుది కదలలే."

"నువ్వు కాలు సక్కగ పెట్టి తొక్కితె ఇది గూడ కదలది."

అరుణజ్యోతి తల దించుకుంది. మళ్ళీ తన పాదం వైపే చూసుకుంటోందని కిష్టమ్మకు కూర్చున్న చోటు నుంచే తెలిసింది. రేపు పొద్దున లారీల మధ్య ఆ అట్టముక్క మీద ఆ పాదం ఉంటుంది. జారితే మళ్ళీ పాదానిదే తప్పు అవుతుంది.

కిష్టమ్మ పీట మీద నుంచి లేచింది. కొంగు ముడి తడిసి, ఎండి, బిర్రుగా బిగుసుకుపోయింది. వేళ్ళతో రాలేదు. పంటితో పట్టి లాగింది. రబ్బరు బిళ్ళను తీసి, వంగి, కొడుకు అరచేతిలో పెట్టింది.

"ఇది ఏసి బిగియ్యి," అంది.

ఫోను లైటు పెడల్ మీద నుంచి మహేందర్ అరచేతి మీదికి జరిగింది. చిరిగిన మూల, నల్లటి గీతలు. బ్రేకు కవరు అంచు కింద కొంచెం కనబడుతున్న రబ్బరు వైపుకు లైటు పోయి, మళ్ళీ అరచేతి మీదికి వచ్చింది.

"ఎప్పుడు ఊడింది?" అని అడిగింది అరుణజ్యోతి.

స్టీరింగు కింద నుంచి అతని గొంతు మాత్రమే వచ్చింది. "దసరాకు కడుగుతుంటె."

"గోడకు తగలకముందే."

"ఊఁ."

తర్వాత అతను చాలాసేపు మాట్లాడాడు. సాయంత్రం వేద్దామనుకున్నాడట. బూట్లతో తనకు తేడా తెలియక మర్చిపోయాడట. ఆ రోజు చప్పుడు విని పరుగెత్తుకొచ్చినప్పుడు సారు అప్పటికే దిగి ఉన్నాడట. నోటికి ఏది వస్తే అది అన్నాడట. అన్నాక గల్లీ అంతా అదే మాట అంటుంటే దాన్ని మళ్ళీ ఎట్లా తీసుకోవాలో తెలియలేదట. అతను చెప్పేదంతా నిజమేనని కిష్టమ్మకు అనిపించింది. అరుణజ్యోతి మాత్రం వింటున్నట్టు లేదు. అత్త కొంగు వైపు చూస్తోంది. ముడి పడ్డ చోట బట్ట ముడుచుకుపోయి, నల్లగా మరక పట్టి ఉంది.

"నీకెప్పటిసంది ఎరుక అత్తమ్మా?"

"శుక్కురారం సంది."

"వక్కలన్నవు."

"అన్న బిడ్డా."

కోడలు ఇంకో మాట అంటే బాగుండుననిపించింది కిష్టమ్మకు. అరుణజ్యోతి ఫోను రెండో చేతిలోకి మార్చుకుని లైటు మళ్ళీ పెడల్ మీద వేసింది.

"బిగించండి. నేను లైటు పడ్త."

మహేందర్ అట్టముక్క తీసి పారేశాడు. రబ్బరు తొడిగి, చిరిగిన మూలను క్లిప్పు కిందికి వచ్చేలా తిప్పి, మరలు ఇటు కొంచెం అటు కొంచెం బిగించాడు. చేత్తో నొక్కాడు, ఊపాడు. కదల్లేదు. ఈసారి నవ్వలేదు. కిందినుంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ పక్కకు నిలబడ్డాడు.

అరుణజ్యోతి చెప్పులు విడిచి సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుని, ఇంజను ఆన్ చేయకుండానే క్లచ్ తొక్కింది, వదిలింది, తొక్కింది. పాదం చివరి దాకా పోయింది. మళ్ళీ మళ్ళీ పోయింది. అది పొట్టి కాలు కాదని తల్లీ కొడుకూ చూస్తూ నిలబడ్డారు. ఆమె దిగి, కుళాయి దగ్గరకు పోయి మేడమ్‌కు ఫోను చేసింది. రేపు వస్తానని చెప్పింది. అంతకుముందు ఎవరినీ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మాటలు తక్కువ. మహేందర్ చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి టీవీ పక్కన మేకుకు తగిలించాడు. అరుణజ్యోతి రోజూ లాగే అత్తకు కళ్ళలో చుక్కలు వేసింది. చేయి మృదువుగానే ఉంది. రెప్ప పట్టుకుని, చుక్క పడేదాకా కదలొద్దని చెప్పి, దూదితో తుడిచింది.

సోమవారం ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే ఆమె తయారై బయటికి వచ్చింది. మొదటి రోజు కదా, తను పక్కన కూర్చుని వచ్చి బస్సులో తిరిగి వస్తానని మహేందర్ అన్నాడు. ఆమె సరేనంది. టిఫిను డబ్బా వెనక సీట్లో పెట్టి, చెప్పులు పక్కకు విడిచి, ఎక్కేముందు తలుపు దగ్గర మోకాళ్ళ మీద వంగింది. యాక్సిలరేటరు పట్టుకుని ఊపింది. బ్రేకు ఊపింది.

"బిగిచ్చిన అరుణా, గట్టిగనే ఉంది," అన్నాడు మహేందర్.

"తెల్సు," అంది. మూడోదాన్ని కూడా పట్టుకుని, అన్నిటికంటే ఎక్కువసేపు ఊపి చూసింది. తర్వాతే ఎక్కి కూర్చుంది.

మహేందర్ గేటు తీయడానికి వెళ్ళాడు. ఇంజను చప్పుడు విని వెంకటేశ్వరరావు పేపరు కోసం మామూలుకంటే ముందే దిగాడు. కారులో ఎవరున్నారో చూసి, నవ్వుతూ విరిగిన మూల దగ్గరకు పోయి, గోడను పట్టుకుని ఆపుతున్నట్టు రెండు అరచేతులూ దాని మీద ఆనించాడు.

"రామ్మా రా. నేను గోడని పట్టుకున్నాలే. ఈసారి పడిపోదు."

కారు అద్దం దించే ఉంది. అరుణజ్యోతి నవ్వలేదు. ఎదురుగా ఎగువనే చూస్తోంది. మహేందర్ గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కిష్టమ్మ కొడుకు వీపును చూస్తోంది. ఇట్లాంటప్పుడు అతను కూడా సారుతో కలిసి కొంచెం నవ్వేవాడు.

"సార్, గోడ తప్పు ఆమెది గాదు," అన్నాడు. "క్లచ్ రబ్బరు ఊడింది. నేను చూసి గూడ ఎయ్యలే. ఆమెకు చెప్పలే. గా మీదికెల్లి ఆమె కాలు పొట్టిదని నేనే అందరికి చెప్పిన."

"అదేంటయ్యా..." అని మొదలుపెట్టి వెంకటేశ్వరరావు ఆగిపోయాడు. మహేందర్‌ను చూశాడు, కారు వైపు చూశాడు. తర్వాత కిష్టమ్మ వైపు తిరిగాడు. "మీకు తెలుసా అండీ ఈ సంగతి?"

"ఎరుకే సార్," అంది కిష్టమ్మ. "ఎరుకుండి గూడ దాచిపెట్టిన."

ఆమె కారు వైపు చూడలేదు. కానీ ఆ అద్దం దించే ఉందని ఆమెకు తెలుసు.

వెంకటేశ్వరరావు గోడ మీద నుంచి చేతులు తీశాడు. ఇటుక పొడి అంటిన అరచేతులను లుంగీకి తుడుచుకుని, పేపరు తీసుకోవడం మర్చిపోయి, దారి వదిలి పక్కకు జరిగాడు.

కారు కదిలింది. ఎగువలో సగం దాకా ఎక్కి, గోడకు సమంగా, సరిగ్గా ఆ రోజు దూకిన చోట ఆగింది. మహేందర్ చేయి గేటు మీద నుంచి లేచింది. ఇంజను ఆగలేదు. చప్పుడు సన్నగా, ఒకే తీరుగా ఉంది. కారు వెనక్కి జారలేదు, ముందుకు దూకలేదు. దించిన అద్దంలోంచి అరుణజ్యోతి తల పక్కకు తిప్పి ఆ ఎర్రటి ఇటుకను చూసింది, అంత దగ్గరగా మొదటిసారి చూస్తున్నట్టు. తీరిగ్గా చూసింది. ఆ ఎగువలో ఆ కారు బరువంతా సగం వదిలిన క్లచ్ మీద, ఆమె ఎడమ పాదం కింద ఆగి ఉంది.

తర్వాత కారు మెల్లగా ఎక్కి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది. మహేందర్ గేటు అట్లాగే వదిలేసి, పరుగెత్తి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.